వించ్‌తో మంచు తోసే బండి: చేయవలసినవి – చేయకూడనివి

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం వచ్చిందంటే ఇంటి ముందు దారి తెరుచుకోవడమే తెల్లారి మొదటి పని. సుపీరియర్ సరస్సును ఆనుకుని ఉన్న మిషిగన్‌లోని కీవినా కౌంటీలో 1978-79 చలికాలంలో 390.4 అంగుళాల మంచు పడింది. అన్నిచోట్లా అంత పడదు. అయినా డెట్రాయిట్, మినియాపొలిస్ శివార్లలో ఎకరం, రెండెకరాల స్థలంలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు పొడవాటి డ్రైవ్‌వేను పారతో ఎత్తిపోస్తే నడుం పడిపోతుంది. అందుకే సైడ్-బై-సైడ్ అనే యూటిలిటీ బండికి ముందు ప్లౌ బ్లేడు తగిలించి, దాన్ని లేపడానికీ దించడానికీ ఎలక్ట్రిక్ వించ్ బిగిస్తారు.

బురదలో దిగబడిన బండిని ఎప్పుడో ఒకసారి బయటికి లాగడానికి పుట్టిన యంత్రం వించ్. మంచు పనిలో అది ఎత్తే బరువు తక్కువే, కానీ ఎత్తడం మాత్రం పదేపదే, అదే అడుగున్నర తాడు మీద. చేంతాడు తెగేది బిందె బరువుకు కాదు, గిలక మీద ఒకేచోట పడే రాపిడికి. వించ్ తాడుకూ అదే గతి. కాబట్టి కొనేటప్పుడు, బిగించేటప్పుడు, నడిపేటప్పుడు బరువుతో పాటు ఈ రాపిడినీ లెక్కలో పెట్టుకోవాలి.

కొనేటప్పుడు

చేయవలసినవి:
- బండి, మనుషులు, సామాను, ప్లౌ అన్నీ కలిపి బరువు వేసుకుని, దానికి ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉన్న వించ్ చూడండి. మొత్తం 2,400 పౌండ్లయితే 3,600 కావాలి, అంటే 4,000 లేదా 4,500 పౌండ్ల వించ్. బ్లేడు లేపడానికి ఇంత అక్కర్లేదు. బండి కాలవలో జారినప్పుడు అక్కరకొస్తుంది.
- పెట్టె మీద రాసిన సామర్థ్యం డ్రమ్ము మీద మొదటి పొర తాడుకే వర్తిస్తుందని గుర్తుంచుకోండి. పొర మీద పొర చుట్టుకునే కొద్దీ లాగే బలం తగ్గుతుంది.
- మీ బండి మోడల్‌కు ప్రత్యేకంగా చేసిన మౌంటు ప్లేటే తీసుకోండి.

చేయకూడనివి:
- పక్కింటి బండికి సరిపోయిందని అదే ప్లేటు తెచ్చి, కన్నాలు పెద్దవి చేసి ఇరికించవద్దు.

బిగించేటప్పుడు

చేయవలసినవి:
- పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. తిరిగి తగిలించేటప్పుడు దాన్ని చివర్లో తగిలించండి.
- కిట్‌లో వచ్చిన బోల్టులే వాడి, మాన్యువల్‌లో చెప్పిన మేరకు టార్క్ రెంచితో బిగించండి. మొదటిసారి మంచు తోసి వచ్చాక మళ్లీ పానా వేసి చూడండి. కుదుపులకు మొదట వదులయ్యేవి ఇవే.
- ఎర్ర వైరు, నల్ల వైరు నేరుగా బ్యాటరీ నుంచి, వించ్‌కు కరెంటు కలిపి తీసే కాంటాక్టర్‌కు రావాలి. స్విచ్చికి వెళ్లే సన్న వైరు మాత్రం తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట కలపండి. అప్పుడు బండి ఆపి ఉండగా పిల్లలు బటన్ నొక్కినా వించ్ కదలదు.
- వైర్లు సైలెన్సర్‌కు, స్టీరింగు రాడ్లకు, సస్పెన్షన్‌కు దూరంగా పోనివ్వండి. రేకు కన్నంలోంచి పోయే చోట రబ్బరు గ్రామెట్ పెట్టండి.
- బ్లేడు తగిలించక ముందే స్విచ్చి పరీక్షించండి. ‘లోపలికి’ నొక్కితే తాడు లోపలికే రావాలి.

చేయకూడనివి:
- వించ్ మెయిన్ వైరును లైట్ల సర్క్యూట్‌కో తాళం వైరుకో కలపవద్దు. పూర్తి భారం పడితే వించ్ వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. సన్న వైరు కాలిపోతుంది.
- తాడును డ్రమ్ము మీద తిరగేసి చుట్టవద్దు. డ్రమ్ము ఎటు తిరగాలో వించ్ మీద లేబుల్ ఉంటుంది. దానికి ఎదురుగా చుడితే చాలా వించ్‌లలో బ్రేకు పట్టదు, లేపిన బ్లేడు దానంతటదే కిందికి జారుతుంది.

తాడు, దాని దారి

స్టీలు తాడును ప్లౌ పనికి పెట్టి ఒక సీజన్ తర్వాత కొక్కెం వైపు కొసను గమనించండి. తాడు బయటికి వచ్చే దారిలో దాన్ని సరిగా నడిపే ఫెయిర్‌లీడ్ రోలర్ మీద వంగే చోట తీగలు ఒక్కొక్కటే తెగి మీసాల్లా పైకి లేచి ఉంటాయి. డ్రమ్ము మీద ఉన్న భాగం నలిగి చదునైపోతుంది. మిగిలిన తాడంతా కొత్తదిలాగే మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఈ జానెడు మేర దెబ్బ చాలామంది కంటపడదు.

చేయవలసినవి:
- ప్లౌ పని కోసం విడిగా దొరికే పొట్టి సింథటిక్ తాడు వేసుకోండి. సీజన్ మధ్యలో అరిగినా మార్చడం తేలిక. పొడవాటి తాడును బండిలోనే ఉంచుకోండి.
- సింథటిక్ తాడుకు నున్నని అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్, స్టీలు తాడుకు రోలర్లు. ఈ జత తప్పకూడదు.
- స్టీలు తాడైతే కనీసం 5 చుట్లు, సింథటిక్ అయితే 8 నుంచి 10 చుట్లు ఎప్పుడూ డ్రమ్ము మీద మిగిలి ఉండాలి. తాడు కొసను పట్టి ఉంచేది ఆ చుట్ల ఒరిపిడే కానీ కొసన ఉన్న చిన్న మర కాదు.
- బ్లేడు నేలమీద ఉన్నప్పుడు తాడు వీలైనంత నిలువుగా పైకి పోతోందో లేదో చూడండి. వించ్ మరీ కిందికి ఉంటే అది బ్లేడును లేపేబదులు వెనక్కి గుంజుతుంది. అలాంటి బండికి ప్లౌ కంపెనీ ఇచ్చే పుల్లీ కిట్ వేయించండి.
- బ్లేడును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, రెండు వైపులా తాడు ఏ అంచుకైనా రాసుకుంటోందేమో చూడండి.

చేయకూడనివి:
- స్టీలు తాడు గీతలు పెట్టిన పాత ఫెయిర్‌లీడ్‌లో కొత్త సింథటిక్ తాడు వేయవద్దు. ఆ గీతలు రంపంలా కోస్తాయి.
- తెగిన తాడును ముడివేసి వాడవద్దు.

మంచు తోసేటప్పుడు

చేయవలసినవి:
- స్విచ్చిని కొద్దికొద్దిగా నొక్కి వదలండి. బ్లేడు పైకొచ్చి ఆగాల్సిన చోటికి అంగుళం ముందే వేలు తీసేయండి. ఫ్రేమ్ పైన తగిలాక కూడా నొక్కి పట్టుకుంటే మోటారు మూలుగుతుంది, లైట్లు మసకబారతాయి, తర్వాత తాడు తెగుతుంది లేదా మౌంటు వంగుతుంది. పొట్టి తాడు మొదటి పొర మీదే ఉంటుంది కనుక అక్కడ వించ్ బలం ఇంకా ఎక్కువ. బ్లేడు పైకి రాగానే కరెంటు కోసే ఆటోమేటిక్ స్టాప్ స్విచ్ పెట్టించుకుంటే మరీ మంచిది.
- మంచు పడకముందే సెప్టిక్ ట్యాంకు మూతలు, పంపు తలలు, రాళ్ల అంచుల పక్కన ఎత్తైన గుర్తు కర్రలు పాతండి.
- నడక వేగంతోనే తోయండి, సీటు బెల్టు పెట్టుకోండి. కనిపించని రాయికి బ్లేడు కొట్టుకుంటే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, మీరు మాత్రం ముందుకు తూలతారు.
- మధ్యమధ్యలో మోటారును చల్లారనివ్వండి. ఇంజిన్ తక్కువ వేగంలో తిరుగుతుంటే బ్యాటరీకి వచ్చేది తక్కువ, వించ్ లాగేది ఎక్కువ. వోల్టు మీటరు మీద ఓ కన్ను వేయండి.
- తొలి మంచునే దారి అంచు దాటించి బాగా వెనక్కి నెట్టండి. ఆ కుప్ప గడ్డకట్టాక జరగదు, జనవరికల్లా దారి ఇరుకైపోతుంది.

చేయకూడనివి:
- మంచును రోడ్డు మీదికి, రోడ్డు దాటించి అవతలికి తోయవద్దు. మిషిగన్, మిన్నెసోటాలలో మంచును రోడ్డు మీద వేయడం చట్టరీత్యా నిషిద్ధం. ఫైర్ హైడ్రెంట్‌ను కూడా కప్పేయవద్దు.
- పాత కుప్పల్లోకి చూడకుండా బ్లేడు పోనివ్వవద్దు. పిల్లలు వాటిలో సొరంగాలు తవ్వుకుని ఆడుకుంటారు.
- ఎత్తిన బ్లేడు కింద చెయ్యి, కాలు పెట్టవద్దు. దాన్ని పట్టి ఉన్నది ఒక్క తాడే. మరమ్మతు ఏదైనా ఉంటే నేలకు దించాలి, లేదంటే గట్టి దిమ్మెలు పెట్టాలి.
- తలుపు మూసిన గరాజులో ఇంజిన్ వేడెక్కడానికి వదిలేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలుపు తెరిచినా సరే, బండిని బయటికి తెచ్చాకే వేడెక్కనివ్వండి.

బండి దిగబడితే

చేయవలసినవి:
- పొట్టి ప్లౌ తాడుతో లాగే ప్రయత్నం చేయకుండా పొడవాటి తాడు ఎక్కించండి. చెట్టుకు వెడల్పాటి నైలాన్ పట్టీ చుట్టి, డి-షాకిల్‌తో తగిలించండి.
- తోలు చేతిగ్లౌజులు వేసుకోండి. కొక్కేన్ని దానికున్న పట్టీతోనే పట్టుకోండి. తాడు చుట్టుకుంటున్నంతసేపూ చేతులు ఫెయిర్‌లీడ్‌కు 8 అడుగుల దూరంలో ఉండాలి.
- తాడు మధ్యలో బరువైన దుప్పటి గానీ డ్యాంపర్ గానీ వేయండి. తెగితే తాడు ఎగిరిపడకుండా కిందికి నొక్కుతుంది.

చేయకూడనివి:
- తాడును చెట్టు చుట్టూ తిప్పి దాని కొక్కేన్ని దానికే తగిలించవద్దు.
- ట్రెయిలర్ బాల్‌కు తగిలించి లాగవద్దు. అది విరిగిందంటే గుండులా దూసుకొస్తుంది.
- బిగిసి ఉన్న తాడును దాటవద్దు, దాని వరసలో ఎవరినీ నిలబడనివ్వవద్దు.
- మోటారు తిరుగుతుండగా గానీ, తాడు మీద భారం ఉండగా గానీ వించ్ క్లచ్ లీవరు కదపవద్దు.

పని అయ్యాక

బ్లేడును నేలకు దించి బండి ఆపండి. రాత్రంతా తాడు మీద వేలాడదీయవద్దు. తడిసిన సింథటిక్ తాడు డ్రమ్ము మీదే గడ్డకడితే మర్నాడు మొదటిసారి లాగినప్పుడే పోగులు తెగుతాయి. గరాజులో చుట్టు విప్పి ఆరనిచ్చి, తిరిగి కాస్త బిగువు మీద చుట్టండి. రోలర్లకు అంటిన మంచు తుడిచేయండి. నెలకోసారి బ్యాటరీ టెర్మినళ్లు, మౌంటు బోల్టులు, కొక్కెం పిన్ను చూసుకోండి.

తాడు మార్చే రోజు కోసం అది తెగేదాకా ఆగనక్కర్లేదు. స్టీలులో తీగల మీసాలు, నలుగు, మెలిక కనిపిస్తే చాలు. సింథటిక్‌లో పోగులు బాగా లేచినా, తాడు ఒకచోట సన్నబడినా, వేడికి కరిగి గట్టిపడినా ఆ పూటే తీసేయండి. మౌంటు ప్లేటులో పగులు కనిపిస్తే మాత్రం ఇంట్లో వెల్డింగు వేయకుండా కొత్తది తెప్పించండి. సీజన్ మొదట్లోనే ఒక పొట్టి తాడు అదనంగా కొని సీటు కింద పడేసుకుంటే, తుఫాను మధ్యలో అరిగిన తాడుతో ఇంకొక్కసారి లాగి చూద్దామన్న ఆలోచనే రాదు.