గుక్కెడు నీరు – ఐదు శాస్త్రాలు

పాఠ్యభాగ ఉద్దేశం: జ్ఞానరంగాలు వేర్వేరుగా కనిపించినా, ఒకే మానవ సమస్య వాటన్నింటినీ ఏ విధంగా కలుపుతుందో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పరిశోధన అనగానే ప్రయోగశాల, సూక్ష్మదర్శిని, గాజు గొట్టాలు స్ఫురిస్తాయి. కానీ ఇంటింటికీ తిరిగి కుటుంబాల ఖర్చులను లెక్కించడమూ పరిశోధనే. పిల్లలకు ఏది బోధపడిందో, ఏది బోధపడలేదో గమనించడమూ పరిశోధనే. న్యాయమంటే ఏమిటని తర్కంతో తరచి చూడడమూ పరిశోధనే. ఇన్ని విధాల పరిశోధన ఎందుకు అవసరమో గ్రహించడానికి తెలుగు నేల చిరకాలం అనుభవించిన ఒక వ్యథ తగిన ఉదాహరణ. అది ఫ్లోరోసిస్.

భూగర్భంలోని శిలల నుండి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంతకు మించిన నీటిని పసితనం నుండి తాగినవారి దంతాలపై మచ్చలు ఏర్పడతాయి. ఫ్లోరైడ్ మరీ అధికంగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోతుంది. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి వ్యాపించి ఉన్నదని 1937లో వైద్య పరిశోధకులు ప్రకటించారు. కారణం తెలియనంతకాలం ఏ వ్యాధి అయినా విధిలిఖితంగా తోస్తుంది. కారణం తెలిసిన నాటి నుండి అది పరిష్కరించవలసిన సమస్య అవుతుంది. వైద్య పరిశోధన చేసిన మొదటి ఉపకారం ఇదే.

తరువాతి ప్రశ్న ఇంజనీర్లది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి ‘నల్లగొండ విధానం’గా ప్రసిద్ధి పొందింది. నీటిలో సున్నం, పటిక తగుపాళ్లలో కలిపి తిప్పితే మెత్తని ముద్దలు ఏర్పడతాయి. వాటితోపాటు ఫ్లోరైడ్ కూడా అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీటిని వడగట్టి వాడుకోవచ్చు. విధానం సులభమైనదే. అయితే నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదును మారుస్తూ ఉండాలి; అడుగున మిగిలిన మడ్డిని జాగ్రత్తగా పారవేయాలి. ఈ పని ప్రతిదినం ఎవరు చేయాలి? ప్రయోగశాలలో నెగ్గిన విధానం ఊరిలో నిలదొక్కుకోవడం వేరు.

ఇక్కడ ఆర్థికశాస్త్రం ప్రవేశిస్తుంది. శుద్ధి కేంద్రానికయ్యే వ్యయం లెక్కల పుస్తకంలో కనిపిస్తుంది. కూలికి వెళ్లలేని దినాలు, మందుల కోసం చేసిన అప్పులు, బడి మానిన బాల్యం ఆ పుస్తకంలో కనిపించవు. కనిపించని ఆ నష్టాన్ని కనిపించేటట్లు చేయడం ఆర్థిక పరిశోధకుని పని.

విద్యారంగానికి మరొక బాధ్యత ఉన్నది. నీటిని మరిగించి తాగాలని పిల్లలు చదువుకుంటారు. సూక్ష్మజీవుల విషయంలో అది సత్యం. ఫ్లోరైడ్ విషయంలో మాత్రం మరిగించడం వల్ల మేలు లేదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఒకచోట ఉపకరించిన పాఠం మరొకచోట తప్పుదారి పట్టించవచ్చు. దానిని గుర్తించి సరిదిద్దడం విద్యా పరిశోధన లక్ష్యం.

తత్త్వశాస్త్రం ఇంకా లోతైన ప్రశ్న వేస్తుంది. మనుషులు సమానులంటే దేనిలో సమానులని అమర్త్య సేన్ 1979లో ఒక ఉపన్యాసంలో విచారించారు. వనరులను సమంగా పంచితే చాలదు. వాటితో మనిషి ఏమి చేయగలుగుతున్నాడో చూడాలన్నది ఆయన వాదన. వెన్ను వంగినవానికి, ఆరోగ్యవంతునికి చేతిలో ఒకే రూపాయి ఉన్నా ఆ రూపాయి చేసే మేలు ఒకటి కాదు. 2010లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సురక్షితమైన తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది.

ఈ శాస్త్రాల మధ్య గోడలు లేవనడానికి నల్లగొండయే సాక్ష్యం. మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని గురించి 1970ల దశకంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. నాగార్జునసాగర్ జలాశయపు ఊట వల్ల సమీప ప్రాంతాల నేల స్వభావం, ఆ నేలలో పండిన జొన్నలోని ఖనిజాల పాలు మారి, వ్యాధి తీవ్రమై ఉండవచ్చునని వారు భావించారు. ఇంజనీరు సాధించిన విజయం వైద్యునికి కొత్త ప్రశ్న అయింది. తరువాతి కాలంలో ఆ కృష్ణా జలాలనే శుద్ధిచేసి గ్రామాలకు చేర్చడం పరిష్కారమార్గమైంది. 2016లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ఈ మార్గాన్ని విస్తరించింది.

అయినా ఒకసారి వంగిన ఎముక మంచినీటితో తిరిగి నిటారు కాదు. పరిశోధన ఫలితం ప్రజలకు చేరడంలో జరిగే ఆలస్యానికి మనిషి దేహమే మూల్యం చెల్లిస్తుంది. అందువల్ల ఏ శాస్త్రాన్ని అభ్యసించినవారైనా తమ సమాధానం తరువాతి వారికి ఏ ప్రశ్నగా మిగిలిందో గమనించాలి.

కఠినపదాలకు అర్థాలు
వ్యథ – బాధ
మడ్డి – అడుగున పేరుకొన్న మురికి
గాఢత – చిక్కదనం
మూల్యం – వెల

ప్రశ్నలు
1. నల్లగొండ విధానాన్ని వివరించి, గ్రామాలలో దాని అమలుకు ఎదురైన ఇబ్బందులను తెలపండి.
2. ‘ఇంజనీరు సాధించిన విజయం వైద్యునికి కొత్త ప్రశ్న అయింది’ – సమర్థించండి.