ఇప్పచెట్టు: దాని పేరు, ప్రకృతి, ప్రయోజనము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బీజాపూరు జిల్లాలోని తర్రెం, బాసగూడ ప్రాంతములు పూర్వము బస్తరు సంస్థానమున చేరియుండినవి. గోండీ మాండలికములు వ్యవహారమునగల ఈ సీమకు దక్షిణమున తెలుగుదేశము ఆనుకొనియున్నది. ఇచ్చటి గ్రామజీవనమునకు ఆధారమైన వృక్షములలో ఇప్ప ముఖ్యమైనది. దానినే విప్ప యనియు నందురు, హిందీలో మహువా. రెండు భాషాకుటుంబముల పేర్లు ఈ యొక్క చెట్టునొద్ద కలిసికొనుచున్నవి.

సపోటా కుటుంబమునకు చెందిన ఈ చెట్టును వృక్షశాస్త్రజ్ఞులు మధుకా లాంగిఫోలియా అందురు. ఆకు రాలినపిదప ఫాల్గుణ చైత్రములలో కొమ్మల కొనలయందు పూలు గుత్తులుగా పూయును. మీగడవన్నెగల ఆకర్షణపత్రావళి దళసరియై తియ్యని రసముతో నిండియుండును. రాత్రివేళ గబ్బిలములు వీనికై వచ్చి పరాగసంపర్కమునకు తోడ్పడును. పిమ్మట తెల్లవారుజామున ఆకర్షణపత్రావళి మాత్రమే నేలరాలును. అండాశయము కొమ్మననే నిలిచి కాయగా మారును. కావున రాలిన పూవును ఏరుకొనుటవలన కాయకు నష్టము లేదు. ఒకే చెట్టు ఒకే యేట పూవును, గింజను రెండు పంటలుగా నిచ్చుటకు కారణమిదియే.

ఎండిన పూవును ఉడికించి తిందురు, సారా కాతురు, పశువులకు మేతగా వేయుదురు. గింజలనుండి తీసిన నూనె వంటకును, దీపమునకును, సబ్బు తయారీకిని పనికివచ్చును. పిండి చేపలను మత్తెక్కించుటకు వాడుకలోనున్నది. అయితే పూవులు స్పష్టముగా కనబడుటకై చెట్టుక్రింది ఆకులను కాల్చు అలవాటు పెక్కుచోట్ల కలదు. ఆ మంటకు లేతమొక్కలు మాడిపోవును. గింజలును నూనెకై పోవును. అందుచే ముదురుచెట్లు నిలిచియున్నను, వాని చోటు నింపవలసిన పిల్లచెట్లు అరుదగుచున్నవి.

ఇక పేరు. సంస్కృతమున మధూకము, గుడపుష్పము, మధుద్రుమము అను నామములన్నియు తీపిని బట్టి యేర్పడినవే. మధూకమే ప్రాకృతముద్వారా మహువా అయినది. బస్తరు వర్తకములో పూవు మహువా, గింజ టోరా అని వేరువేరు పేర్లతో అమ్ముడుపోవును. తెలుగునందో ఇప్పపూవు, ఇప్పకాయ, ఇప్పగింజ, ఇప్పనూనె అని అన్నియు ఒకే మాటపై నిలిచిన సమాసములు.

ఆ మాట ద్రావిడము. తమిళమున ఇరుప్పై, ఇలుప్పై, కన్నడమున ఇప్పె, హిప్పె, గోండీలో ఇరుప్. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) వీనిని ఒకచోట చేర్చినది. తమిళ గోండీ రూపములలో నిలిచిన రేఫము తెలుగు కన్నడములలో లేదు. నడిమి అచ్చు లోపింపగా రేఫము పకారముతో కూడి, తుదకు ద్విత్వ పకారముగా పరిణమించినది. తమిళ మరుదు తెలుగున మద్ది యగుట ఇట్టి మార్పే, అదియు వృక్షనామమే. కాబట్టి ఈ పేరు విషయమున గోండీ రూపము తెలుగు రూపముకంటె ప్రాచీనతరమైన దశను చూపుచున్నది. అది తెలుగునుండి గ్రహించిన మాట గాదు.

ఈ విషయమునకు నేడు ప్రత్యేకప్రాధాన్యము కలదు. 2005 తరువాత జరిగిన సల్వాజుడుం కాలపు కల్లోలమువలన దక్షిణ బస్తరు జనులు పెక్కుమంది నాటి ఖమ్మము, వరంగల్లు జిల్లాల అడవులకు తరలివచ్చిరి. ఇచ్చట వారిని గుత్తికోయలని వ్యవహరింతురు. వారి పిల్లలు తెలుగు బడులలో చదువుకొనుచున్నారు. ఇంటి మాటలో రేఫమున్నది. బడి మాటలో లేదు. రెండును మిక్కిలి దగ్గరివగుటచే మొదటిది రెండవదానిలో సులభముగా కలిసిపోగలదు. అట్టి మార్పు జరిగినను వినువారికి తెలియదు. పూవుకు, కాయకు, గింజకు, చెట్టుకు ఆ యిండ్లలోగల మాటలను వయోవృద్ధులనుండి వేరువేరుగా సేకరించుట భాషాశాస్త్రజ్ఞులకు తక్షణకర్తవ్యము. చెట్టుకు పిల్లమొక్క యెట్లో, మాటకు దానిని పలుకు బిడ్డ యట్లు.