నీ దగ్గరే ఉందనుకున్నా

ప్లే స్కూల్లోనో, అంగన్‌వాడీలోనో, ఆఫీసు క్రెష్‌లోనో కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను ముందుగా అడిగేది, "పిల్లలు ఏడుపు ఆపకపోతే ఏం చెయ్యాలి మేడం?" అని. ఏడుపుకి అంత కంగారు అక్కర్లేదు. ఏడ్చే పిల్ల ఎక్కడుందో వీధి చివరి దాకా తెలుస్తుంది. గది ఉన్నట్టుండి సద్దుమణిగితే మాత్రం చేతిలో పని వదిలేసి లేవాలి.

నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు. వాన. బయట ఆడించే వీలు లేక పిల్లలందర్నీ ఒకే గదిలో పెట్టాం. పన్నెండున్నరకి నేను టిఫిన్ డబ్బాల మూతలు తీస్తున్నాను. ఇంకో టీచరు ఎవరో తండ్రితో ఫోన్లో మాట్లాడుతోంది. ఆయమ్మ ఒకడికి నిక్కరు మారుస్తోంది. ముగ్గురిలో ఒక్కరూ ఖాళీగా లేరు. డబ్బాలు పంచుకుంటూ పోతే చివర్లో ఒకటి మిగిలింది, మూత మీద కుందేలు బొమ్మ ఉన్నది. ఆ డబ్బా పిల్లకి రెండున్నరేళ్ళు. బాత్రూములో దొరికింది. నీలం బకెట్టు అంచుకి బొజ్జ ఆనించి, కాళ్ళు రెండూ నేల విడిచి, లోపల తేలుతున్న మగ్గు కోసం చెయ్యి చాపుతోంది. నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఏమీ కాలేదు. మగ్గు ఇవ్వలేదని అలిగింది, అంతే. తర్వాత మా ముగ్గురి నోటా ఒకే మాట: "నీ దగ్గరే ఉందనుకున్నా."

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టు తయారైంది మా వ్యవహారం.

ఆ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బకెట్టులోకి తలకిందులుగా ఒరిగితే తమంతట తాము పైకి లేవలేరు. జానెడు లోతు కూడా అక్కర్లేదు, ముక్కూ నోరూ మునిగితే చాలు. కేక వినపడుతుందేమో అనుకుంటాం, వినపడదు.

అప్పటినుంచీ గమనిస్తూ వచ్చాను. పిల్లలు ఆడుకునేటప్పుడు, పాట పాడేటప్పుడు పెద్ద ప్రమాదాలు తక్కువ. మోకాలు గీరుకుంటుంది, పెదవి చిట్లుతుంది, మానిపోతాయి. అసలు ప్రమాదం పని మారే ఐదు నిమిషాల్లో ఉంటుంది. పొద్దున వచ్చేటప్పుడు, అన్నాల వేళ, పడుకోబెట్టేటప్పుడు, ఇంటికి పంపేటప్పుడు, ఒక టీచరు వెళ్ళి ఇంకొకరు వచ్చేటప్పుడు. అంగన్‌వాడీలో అయితే ఇంకోటి ఉంది. ఆయా పొయ్యి దగ్గర ఉంటుంది, టీచరు పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కిస్తూ ఫోన్‌లో తల దూర్చి ఉంటుంది. పిల్లలు ఇద్దరికీ ఎదురుగానే ఉంటారు, ఇద్దరిలో ఎవరూ చూడరు.

దీనికి విరుగుడు పైకి అనడమే. గదిలోంచి బయటికి వెళ్ళేటప్పుడు, ఒక్క నిమిషానికైనా సరే, "పదిహేడు మంది, నీకు అప్పగిస్తున్నా" అనండి. అవతలి మనిషి తలలు లెక్కపెట్టి "పదిహేడు, తీసుకున్నా" అనాలి. ఆ జవాబు వినేదాకా గడప దాటకండి. మొదటి వారం నాటకంలా ఉంటుంది, నవ్వొస్తుంది. రెండో వారానికి నోటికి అలవాటవుతుంది. లెక్క రిజిస్టరులో కాదు, తలల మీద పెట్టండి. రిజిస్టరులో పొద్దున వచ్చినవాళ్ళే ఉంటారు, పదకొండింటికి తాతయ్య వచ్చి తీసుకెళ్ళినవాడు కూడా అందులో హాజరే. ఆఫీసు క్రెష్‌లలో ఈ లెక్క ఇంకా త్వరగా మారుతుంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వచ్చి బిడ్డని చూసుకోవచ్చనీ 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. అంటే ఒక్కో తల్లి చేతుల్లోకి వెళ్ళి మళ్ళీ మన చేతుల్లోకి వచ్చే బిడ్డలు రోజంతా ఉంటారు. ప్రతిసారీ కొత్త అంకె.

మీ ఒక్కరికే ముప్ఫై మందిని అప్పజెప్పారా? ప్రైవేటు ప్లే స్కూళ్ళకి జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో 20 మందికి ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని ఉంది. ఆ సంగతి యజమానికి మర్యాదగా, వాట్సాప్‌లోనైనా సరే, రాతపూర్వకంగా చెప్పండి. గొడవకి కాదు. రేపు ఏదైనా జరిగితే నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

వ్యాను సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు, చెయ్యడమే ఉంది. ఎక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క, డ్రైవరు తలుపు వేసేముందు మీరే చివరి సీటు దాకా నడిచి, సీట్ల కిందకి వంగి చూడాలి. నిద్రపోయిన పిల్ల సీటు మీద ఉండదు, జారి కిందుంటుంది. ఎండలో మూసిన బండి ఎంత తొందరగా వేడెక్కుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక దిగిన పిల్ల చెయ్యి బండి కదిలేదాకా వదలొద్దు. బండి ముందు, బండి వెనక, చక్రం పక్కన డ్రైవరుకి మూడేళ్ళ పిల్ల ఎత్తు కనపడదు. గేటు దగ్గర అప్పగించేటప్పుడు, అడ్మిషన్ ఫారంలో ఫోటో ఉన్న మనిషికే. పిల్లవాడు "మామయ్యా" అని పరిగెత్తాడు కదా అనుకోకండి. మన పిల్లలకి వాచ్‌మన్ దగ్గర్నుంచి కూరగాయలవాడి దాకా అందరూ మామయ్యలే.

తిండి దగ్గరికొస్తే కాస్త నిలబడాలి. పొలమారితే మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. దగ్గుతున్నంతసేపూ దానివల్ల నష్టం లేదు, లాభమూ లేదు. శబ్దంతో దగ్గుతున్నాడంటే గాలి ఆడుతోందన్నమాట, దగ్గనివ్వండి. దగ్గు ఆగిపోయి, నోరు తెరుచుకుని, గొంతులోంచి చప్పుడు రాక, మొహం రంగు మారితే ఒక్క క్షణం ఆగకూడదు. ఏడాది నిండిన పిల్లని ముందుకి వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదు దెబ్బలు. ఇరుక్కున్నది రాకపోతే వెనకనుంచి చేతులు చుట్టి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు నొక్కులు. మళ్ళీ దెబ్బలు, మళ్ళీ నొక్కులు. ఏడాది లోపు బిడ్డకి పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్ళతో ఐదు నొక్కులు. ఈలోపు పక్క మనిషి 108కి చెయ్యాలి. స్పృహ తప్పితే గుండె నొక్కుతూ ఊపిరి ఊదడం మొదలుపెట్టాలి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఇదంతా చదివితే రాదు. బొమ్మ మీద చేసి చూపించే శిక్షణ ఒక్కపూట దొరికినా వదులుకోకండి. దొరక్కపోతే అడగండి, జీతం పెంచమని అడిగినంత గట్టిగా.

అంతదాకా రాకుండా చూడడం మన చేతుల్లోనే ఉంది. వేరుశనగ గుళ్ళు, వేయించిన శనగలు, సీతాఫలం గింజ, సపోటా గింజ, రేగుపండు, గుండ్రటి ద్రాక్ష, చింతగింజ. ఇవేవీ నాలుగైదేళ్ళ లోపు పిల్లల చేతికి ఉన్నవి ఉన్నట్టుగా ఇవ్వకూడదు. ద్రాక్షని నిలువుగా కొయ్యండి. ఉడికించిన గుడ్డు మెత్తనిదే కదా అనుకుంటాం. పచ్చసొన పొడిపొడిగా అంగిట్లో అంటుకుంటుంది, సగం గుడ్డు ఒకేసారి నోట్లో కుక్కుకునే వీరులుంటారు. ముక్కలు చేసి, అన్నంలో కలిపి, కూర్చోబెట్టి, పక్కన మీరు కూర్చుని పెట్టండి. నులిపురుగుల మాత్ర వేసే రోజూ ఇదే జాగ్రత్త. మూడేళ్ళ లోపు వాళ్ళకి మాత్రని రెండు చెంచాల మధ్య పొడి చేసి నీళ్ళలో కలపాలి, ఏడాది నిండి రెండేళ్ళ లోపైతే సగం మాత్రే. ఏడుస్తున్న పిల్ల ముక్కు మూసి మింగించడం చూశాను. దానికన్నా ఆ పూట మానెయ్యడం నయం, మళ్ళీ ఇంకో రోజు వెయ్యొచ్చు.

సాంబారు గిన్నె నేల మీద పెట్టకండి. పిల్లలు వరసలో కూర్చున్నాక వేడి గిన్నె వాళ్ళ మధ్యలోంచి తేవద్దు. ఒకవేళ ఒలికిందే అనుకోండి, పేస్టు, పసుపు, ఐసు ఏదీ వద్దు. కుళాయి కింద 20 నిమిషాలు, గడియారం చూసుకుని. ఐదు నిమిషాలకే చాలనిపిస్తుంది, చాలదు.

ఫినాయిలు గురించి ఒక్క మాట. నీళ్ళలో కలిపిన ఫినాయిలు అచ్చం పాలలా ఉంటుంది. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి బాత్రూము మూల పెట్టే అలవాటు మన దగ్గర సర్వసాధారణం. మీ చోట అలా ఉంటే ఈ రోజే తీసెయ్యండి. ఎవరైనా తాగితే వాంతి చేయించకుండా, ఆ సీసాతో సహా ఆసుపత్రికి.

జబ్బుల దగ్గర మనకి ఎదురయ్యేది క్రిముల కన్నా ముందు తల్లులే. పొద్దున ఎనిమిదిన్నరకి, ఆటో ఆపి ఉంచి, చంకలో నలతగా ఉన్న బిడ్డతో ఒకావిడ నిలబడుతుంది. "మేడం, ఈ ఒక్క రోజూ ఉంచుకోండి, సెలవు పెడితే జీతం కట్." ఆమె అబద్ధం చెప్పడం లేదు. అందుకే "జ్వరం ఉందా అమ్మా?" అని అడగను, లేదనే అంటుంది. "పొద్దున ఏ మందు వేశారమ్మా, ఎన్ని గంటలకి?" అని అడుగుతాను. ఏడింటికి పారాసెటమాల్ వేసి పంపిన జ్వరం పదకొండు, పన్నెండింటికల్లా మళ్ళీ బయటపడుతుంది. అప్పటికి ఆ బిడ్డ పదిమంది బొమ్మలు నోట్లో పెట్టుకుని ఉంటుంది. మనం మాత్రం డాక్టరు చీటీ, తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ మందూ వెయ్యకూడదు. అదే పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250దీ ఉంటుంది. 120దనుకుని 250ది పోస్తే మోతాదు రెట్టింపు.

ఎవర్ని ఇంట్లో ఉంచమనాలో ముందే కాగితం మీద రాసి గేటుకి అంటించండి, అప్పుడు కాదన్నది మీరు కాదు, కాగితం. విరేచనాలు, వాంతులు ఆగాక 48 గంటలు. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ మాడి చెక్కు కట్టేదాకా. తట్టు అయితే దద్దురు వచ్చిన దగ్గర్నుంచి నాలుగు రోజులు, గవదబిళ్ళలైతే వాపు మొదలయ్యాక ఐదు రోజులు. కళ్ళకలక, గజ్జి ఉంటే డాక్టరు చూశాకే. పేలకి మాత్రం ఎవర్నీ వెనక్కి పంపకండి. ఆ పిల్లకి జీవితాంతం గుర్తుండిపోయే అవమానం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక, అన్నం పెట్టేముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలని అందరికీ తెలుసు. సబ్బు పిల్లలకి అందే ఎత్తులో ఉందో లేదో చూడండి, చాలాచోట్ల ఉండదు.

జ్వరంతో ఫిట్స్ వస్తే గదిలో పెద్దవాళ్ళే ముందు హడలిపోతారు. ఆరు నెలలనుంచి ఐదేళ్ళ మధ్య ఇది అరుదేమీ కాదు, చాలావరకు కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. చేతిలో తాళాలగుత్తి పెట్టొద్దు, పళ్ళ మధ్య చెంచా పెట్టొద్దు, నీళ్ళు పొయ్యొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, టైము చూడండి. ఐదు నిమిషాలు దాటుతోందంటే 108. తగ్గినా సరే, మొదటిసారి అయితే డాక్టరుకి చూపించాల్సిందే. ఎన్ని నిమిషాలు వచ్చింది, ఏ చెయ్యి కొట్టుకుంది అన్నది డాక్టరు అడుగుతారు, చూసింది మీరొక్కరే.

చిన్నదో పెద్దదో దెబ్బ తగిలితే ఆ రోజే, తల్లి బిడ్డ బట్టలు మార్చి చూసుకోకముందే, మీరే చెప్పండి. "జారుడుబల్ల దగ్గర పడిందమ్మా, పదింపావుకి, చల్లటి గుడ్డ అద్దాం." దెబ్బలు రాసుకునే పుస్తకంలో కూడా ఈ మాటే. దాచిన గీత రాత్రి స్నానం దగ్గర బయటపడితే, రేపటినుంచి మీరు చెప్పే నిజం కూడా నమ్మరు. అలాగే పొద్దున బట్టలు మార్చేటప్పుడు మీకు కనపడిన మచ్చలు, ఆటల్లో మామూలుగా దెబ్బలు తగిలే చోట్ల కాకుండా తొడ లోపలో, వీపు మీదో ఉంటే తేదీ వేసి రాసుకోండి. అనుమానం లైంగిక వేధింపు గురించైతే చెప్పాలా వద్దా అన్నది మన ఇష్టం కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజెయ్యకపోవడమే నేరం. 1098కి చేస్తే దారి చూపిస్తారు. పిల్లని మాత్రం గుచ్చిగుచ్చి అడగకండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఇక మనలో ఎవరైనా చెయ్యి చేసుకోవడం, చీకటి గదిలో పెడతానని బెదిరించడం లాంటివి బాల న్యాయ చట్టం 75వ సెక్షను కిందకి వస్తాయి. సంరక్షణ సంస్థలో ఉద్యోగులకి ఐదేళ్ళ దాకా జైలు. ఆ కోపం వచ్చే రోజులు నాకూ ఉన్నాయి. అలాంటప్పుడు పక్కామెకి పదిహేడు మందినీ అప్పగించి, వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేదాన్ని.

ఈ ఉద్యోగంలో ఉన్న ఆడవాళ్ళు పొద్దుటినుంచీ బాత్రూముకి వెళ్ళకుండా బిగబట్టుకోవడం, దానికోసం నీళ్ళు తాగడం మానెయ్యడం ఎంతమందిలో చూశానో. అప్పగించే మనిషి లేకే అదంతా. డ్యూటీ పట్టికలో మీ భోజనానికి, మీ అవసరాలకి ఎవరు నిలబడతారో పేరు రాయించుకోండి.

సాయంత్రం ఆఖరి పిల్ల వెళ్ళాక గదులన్నీ ఒకసారి తిరగండి. చాపలు ఎత్తి చూడండి, తెర వెనక చూడండి. ప్లగ్గుల స్విచ్‌లు ఆపెయ్యండి. సంపు మూత మీద కాలుతో నొక్కి చూడండి. బాత్రూములో బకెట్టు నీళ్ళు పారబోసి బోర్లించండి. తాళం ఆ తర్వాత.