ప్రకటనలో చెప్పని మాట

వైరా నదీతీరమున నున్న మధిర ప్రాంతమున ప్రత్తియు, మిరపయు ముఖ్యమైన పంటలు. తొలకరి కురిసినంతనే ఇచ్చటి రైతునకు విత్తనములకు, ఎరువులకు, కూలికి ఒక్కసారిగా డబ్బు కావలసివచ్చును. చేతిలో పైకము లేనివాడు పూర్వము షావుకారు నాశ్రయించెడివాడు. వడ్డీ హెచ్చే, అయినను అది ఎంతయో ఇరువురకును తెలిసియుండెడిది.

నేడు రైతు చేతిలో ఫోను కలదు. “పత్రములు వలదు, పూచీ వలదు, అయిదు నిమిషములలో అప్పు” అను ప్రకటన దాని తెరమీద మెరయును. ఇందులో అబద్ధమేదియు కనబడదు. అప్పు నిజముగా అయిదు నిమిషములలోనే రావచ్చును! మోసమంతయు చెప్పని మాటలలో నున్నది.

ఒక రైతు రూ. 5,000 అప్పునకు అంగీకరించెననుకొందము. రుసుముల పేర రూ. 1,500 ముందే కోతపడి, రూ. 3,500 మాత్రమే అతనికి చేరును. వారము తిరుగునప్పటికి రూ. 5,000 చెల్లింపవలయును. అనగా వారమునకే నూటికి దాదాపు 43 రూపాయల వడ్డీ! ఏడాదికి ఎంతయగునో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. అంతటితో పోదు. అప్పు ఇచ్చునపుడే ఆ యాప్ ఫోనులోని బంధుమిత్రుల నంబర్లను, ఫొటోలను గ్రహించును. గడువు దాటినచో బావమరదికి, వియ్యంకునికి, ఊరి పెద్దలకు “ఇతడు దొంగ” యని సందేశములు పోవును.

2020 డిసెంబరులో తెలంగాణమున ఇట్టి వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు కోల్పోయిరి. పోలీసులు దాడులు జరిపి పలువురను నిర్బంధించిరి. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక కార్యవర్గమును నియమించెను. ఆండ్రాయిడ్ ఫోనులకు లభించు సుమారు 1,100 అప్పుల యాప్‌లలో 600 చట్టవిరుద్ధములని ఆ సంఘము తేల్చెను. ఖర్చులన్నియు కలిపి ఏడాది వడ్డీ యెంతయో ముందే తెలుపవలయుననియు, ఫోనులోని నంబర్ల జోలికి పోరాదనియు 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించెను.

ప్రకటనలకు ప్రమాణములు మన దేశమున అంతకుముందే కలవు. భారత ప్రకటన ప్రమాణాల మండలి 1985లో ఏర్పడినది. దీనిని స్థాపించినవారు ప్రకటనల వృత్తిలోనివారే. చెప్పిన మాటకు రుజువు చూపవలసిన భారము చెప్పినవానిదే యని దీని నియమము. పరువుగల వ్యాపారికి ఈ మండలి మాట చాలును. రాత్రికి రాత్రి పేరు మార్చుకొను యాప్‌నకు చాలదు. వానికి చట్టమే కావలయును.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ముఖ్యవిషయమును బుద్ధిపూర్వకముగా దాచిన ప్రకటన కూడ తప్పుదారి పట్టించునదే. మొదటి తప్పునకు 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధించు అధికారము, 2020లో ఏర్పడిన కేంద్ర సంస్థకు కలదు. తగిన విచారణ చేయక, పుచ్చుకొన్న సొమ్ముకొరకు వస్తువును మెచ్చుకొను సినీనటులకును, క్రీడాకారులకును ఈ జరిమానా వర్తించును. ఇది మిక్కిలి న్యాయమైన ఏర్పాటు.

ప్రకటనపై ఫిర్యాదును 1915 నంబరునకు తెలుగులోనే చెప్పుకొనవచ్చును. ఫోను మోసమున సొమ్ము పోయినచో 1930 నంబరునకు వెంటనే తెలుపవలయును. అప్పటికి ప్రకటన తెరమీదనుండి మాయమై యుండవచ్చును గనుక, చూచినప్పుడే దాని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకొనుట మేలు.