ఏం వదిలేయాలో తేల్చుకుని బయలుదేరండి

దసరా సెలవులు దగ్గర పడగానే ఇంటింటా ఒకటే మాట: "ఈసారి ఎక్కడికి పోదాం?" ఫోన్లు బయటికొస్తాయి, నాలుగు వీడియోలు చూస్తారు, పది నిమిషాల్లో ఊరు ఖాయమైపోతుంది. ఎందుకు పోతున్నామన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ప్రయాణం సగం చెడేది అక్కడే. ఎండ మెత్తబడి గుట్టలు పచ్చబడే ఆశ్వయుజ కార్తీకాలు ఏడాదికి ఒక్కసారే వస్తాయి. ఆ రోజుల్ని పార్కింగ్ వెతుకులాటలో, క్యూల్లో పోగొట్టుకోకుండా ఉండటం ఒక నేర్పు. అది అలవాటైన మనిషి ఉద్యోగంలోనూ, ఇంటి ఖర్చులోనూ గట్టి నిర్ణయాలు తీసుకోగలడని నా నమ్మకం.

అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకు అక్టోబరు రాగానే సేలం గుర్తొస్తుంది. మసాచుసెట్స్‌లోని ఆ చిన్న పట్నంలో 1692లో మంత్రగత్తెలన్న నింద వేసి 20 మంది ప్రాణాలు తీశారు. పందొమ్మిది మందిని ఉరితీశారు, ఒక ముసలాయన్ను బండరాళ్ల కింద నలిపి చంపారు. ఇప్పుడు హాలోవీన్ పండగకు అదే ఊరు పెద్ద ఆకర్షణ. ఊళ్లో ఉండేది 45 వేల మంది కూడా కాదు, అక్టోబరు ఒక్క నెలలో వచ్చేవాళ్లు పది లక్షలు దాటుతున్నారు. తెలిసినవాళ్లు కారు తీయరు, బోస్టన్ నుంచి రైలెక్కుతారు. శని ఆదివారాలు మానుకుంటారు. ముందు రోజే టికెట్లు కొనుక్కుంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా, చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన రాతి బెంచీల దగ్గర కాసేపు నిలబడి వస్తారు. మిగతావాళ్లు వేషాలు చూసి, ఫొటోలు దిగి, ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ తిరిగొస్తారు. ఊరు ఇద్దరికీ ఒకటే. తేడా అంతా బయలుదేరే ముందు ఆలోచించిన ఆ అరగంటలో ఉంది.

మన దగ్గర అలాంటి చోటు లేపాక్షి. అక్కడా ఒక అన్యాయం కథే జనాన్ని లాక్కొస్తుంది. హిందూపురానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో, 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల ఏలుబడిలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు వీరభద్రస్వామి గుడి కట్టించారు. పెనుకొండ ఖజానా చూసే విరూపణ్ణ రాజు అనుమతి లేకుండా సొమ్మంతా గుడికే పోశాడని నేరం మోపారట. కళ్లు తీయించమని రాజాజ్ఞ అయితే, ఆయనే కళ్లు పెరుక్కుని గోడకేసి కొట్టాడని స్థానికులు చెప్పే కథ. ఆ గోడ మీద ఎర్రటి మరకలు రెండు ఇప్పటికీ చూపిస్తారు.

వచ్చినవాళ్లు మూడు పనులు చేస్తారు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూరుస్తారు, మరకలు వెతుకుతారు, బసవన్న ముందు ఫొటో దిగుతారు. మూడూ చేయదగ్గవే. ఒకే రాతిలో మలిచిన ఆ బసవన్న దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, మెడలో గంటల పట్టెడతో కూర్చుని ఉంటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. అయితే సెలవు రోజున ఆ స్తంభం దగ్గర ఒక్కసారి పక్కకు నిలబడి చూడండి. ఒకరు మోకాళ్ల మీద కూర్చుని తువ్వాలు ఇటునుంచి అటు లాగుతుంటారు. ఇంకొకరు ఫోన్ పట్టుకుని "మళ్లీ, మళ్లీ" అంటుంటారు. వెనక పదిమంది తమ వంతు కోసం చూస్తుంటారు. అందరి చూపూ నేల మీదే.

పైకప్పు నిండా బొమ్మలున్నాయి. పార్వతీ కల్యాణం, పంది కోసం అర్జునుడికీ కిరాతుడికీ జరిగిన పోరు, ద్రౌపదీ స్వయంవరం, దూడను పోగొట్టుకున్న ఆవుకు న్యాయం చేసిన చోళరాజు కథ. కావిరంగు నేల మీద నల్లటి గీతలతో, తెలుపూ పసుపూ కలిపి వేసినవి. విజయనగర కాలపు చిత్రకళ ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు చాలా తక్కువ. మగవాళ్ల నెత్తిన పొడుగాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల ఒంటి మీద రకరకాల చీరలు. చారలు, గళ్లు, పువ్వులు, వెడల్పాటి అంచులు, వెనక కోణంగా నిలబడ్డ కొంగులు. ఒక్క పావుగంట తలెత్తి చూస్తే దాదాపు ఐదు వందల ఏళ్ల కిందటి ఆడవాళ్ల బట్టల పెట్టె మన ముందు తెరిచినట్టే ఉంటుంది.

నేను చెప్పదలచిన మొదటి పని ఇదే. బయలుదేరే ముందు ఒక ప్రశ్న పట్టుకోండి. ఒక్కటి చాలు. "ఆ చీరల అంచులు ఇప్పుడు ఎక్కడ నేస్తున్నారు?" ఇది చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే దీని వెంట నడిస్తే నాలుగు ఊళ్లు ఒకే దారిలో కలుస్తాయి. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, మల్బరీ వేసి పురుగుల్ని పెంచే రైతులు గూళ్లు తెచ్చి అమ్ముకునేది అక్కడే. లేపాక్షి కప్పు మీద అంచుల నమూనాలున్నాయి. ఆ గుడికి సొమ్ము వచ్చిందంటున్న ఖజానా పెనుకొండలో ఉండేది. ధర్మవరంలో మగ్గాలున్నాయి. అక్కడి పట్టుచీరల డిజైన్లకు లేపాక్షి బొమ్మలతో పోలిక ఉందని నేతవాళ్లే చెప్తారు. పైగా లేపాక్షి తప్ప మిగతా మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలు మార్గం మీదే ఉన్నాయి. కారు లేనివాళ్లకూ ఈ ప్రయాణం అందుతుంది.

ప్రశ్న దొరికాక రెండో పని, తీసేయడం. ఇది కష్టం. "ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట మన ప్రయాణాలను నాశనం చేస్తోంది. ఎలాగూ వచ్చాం కదా పుట్టపర్తి చూద్దాం, ఎలాగూ వచ్చాం కదా కదిరి నరసింహస్వామి దర్శనం చేసుకుందాం, అక్కడిదాకా పోయాక తిమ్మమ్మ మర్రిమాను చూడకపోతే ఎలా? అన్నీ గొప్ప చోట్లే. అన్నిటికీ ఒక రోజిచ్చి గౌరవించాల్సినవే. రెండు రోజుల్లో వాటన్నిటినీ కూరితే చివరికి మిగిలేది కారు సీటు ఒక్కటే. ఇదే మాట మనుషుల్ని బతుకులోనూ తిప్పుతుంది. ఎలాగూ డిగ్రీ చదివాం కదా అని ఇష్టం లేని పీజీ, ఎలాగూ ఆఫర్ ఉంది కదా అని అక్కర్లేని ఫోను. వద్దనుకోవడం చేతకానివాడికి కావాలనుకోవడమూ చేతకాదు. అందుకే ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క "ఈసారి చూసేవి", కుడి పక్క "ఈసారికి వద్దు". కుడి పక్కన కనీసం ఎడమ పక్కన ఉన్నన్నయినా ఉండాలి. ఆ కాగితం పారేయకండి, వచ్చే ఏడాది ప్రయాణం అందులోనే ఉంది.

తేదీ దగ్గర మొహమాటం వద్దు. బెంగళూరు దగ్గర కావడంతో లేపాక్షికి శని ఆదివారాల రద్దీ ఎక్కువ. కార్తీక సోమవారాల్లో శివాలయాలకు భక్తుల తాకిడి ఎలాగూ ఉంటుంది. పూజ కోసమైతే సోమవారమే వెళ్లండి, బొమ్మలు చూడటం కోసమైతే మంగళ, బుధవారాలు వెళ్లండి. రెండూ ఒకేరోజు కావాలంటే రెండూ సగమే దక్కుతాయి. పొద్దున్నే వెళ్తే నేల చల్లగా ఉంటుంది, మంటపంలో కింద కూర్చుని తీరిగ్గా పైకి చూడొచ్చు. ఇంకో సంగతి. అనంతపురం సీమకు వాన ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. గొడుగు పెట్టుకోండి, వాన పడితే ఏం మానుకుంటామో కూడా ముందే రాసుకోండి. తడిసిన రాతి మెట్ల మీద పెద్దవాళ్లను నడిపించకండి.

పెద్దవాళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ప్రణాళిక వేసేటప్పుడు ఇంట్లో అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. "అవ్వా, నీకేం చూడాలనుంది?" అని అడగండి. "నాదేముంది నాయనా, మీరెక్కడికంటే అక్కడికి" అంటుంది. అక్కడితో వదిలేయకుండా మళ్లీ అడగండి. రెండోసారి అసలు మాట చెప్తుంది, పెళ్లినాటి ధర్మవరం చీర గురించో, చిన్నప్పుడు పెనుకొండ బాబయ్య దర్గాలో చదివింపులు ఇచ్చిన సంగతో. ఆ ఒక్క మాట ప్రయాణానికి దారి చూపిస్తుంది. పిల్లలకు పని అప్పగించండి. లేపాక్షి కప్పు మీద కనిపించిన అంచుల్లో నచ్చినవి నోటు పుస్తకంలో గీయమనండి, ధర్మవరంలో వాటికి దగ్గరగా ఉన్న చీరను వాళ్లే వెతకాలి. పని ఉన్న పిల్లవాడు "ఇంకెంతసేపు నాన్నా" అని అడగడు.

పెనుకొండను ఎక్కువమంది దాటేసి పోతారు. జాతీయ రహదారి మీద వెళ్తూ ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీని చూస్తారు, కొండను చూస్తారు, అంతే. నాకు ఇది బాధ. 1565లో దక్కన్ సుల్తానులతో జరిగిన తళ్లికోట యుద్ధంలో విజయనగరం కూలాక అళియ రామరాయల తమ్ముడు తిరుమల రాయలు రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టుకున్నది ఈ కొండ నీడనే. హంపీకి వెళ్లి శిథిలాలు చూసి నిట్టూర్చేవాళ్లు, ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇక్కడికీ రావాలి. అంతా పోయాక మిగిలినవాళ్లు ఏం చేశారన్నది యువకులకు హంపీ వైభవం కన్నా ఎక్కువ అక్కరకొచ్చే పాఠం. అక్కడి రాజభవనం గగన్ మహల్ ముందు నిలబడండి. కమానులు సుల్తానుల పద్ధతిలో, పైన బురుజు గుడి శిఖరం పద్ధతిలో. ఎవరితో తలపడ్డారో వాళ్ల దగ్గరి మంచి పనితనాన్ని కూడా తీసుకున్నారు. అదే ఊళ్లో, బాబయ్య దర్గా అని జనం పిలిచే బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది, పార్శ్వనాథుడి జైన ఆలయం ఉంది. కొండ పైకి ఎక్కదలిస్తే పొద్దున్నే మొదలుపెట్టండి, నీళ్లు మోసుకెళ్లండి, ఒంటరిగా పోకండి. ఎక్కలేకపోతే కిందున్నవి చాలు.

ధర్మవరానికి వచ్చేసరికి అందరి చెయ్యీ జేబు మీదకు పోతుంది. అందుకే అంకె ఇంట్లోనే ఖాయం కావాలి. ఎన్ని చీరలు, ఎవరికి, ఎంతలో? ఆ అంకె కాగితం మీద ఉంటే షాపులో ఎన్ని మడతలు విప్పినా మనసు చెదరదు. కొనేముందు మాత్రం మగ్గం చూడండి, అడిగి చూడండి. నేతగాడు గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. పాదంతో తొక్కగానే పడుగు రెండుగా విడిపోతుంది, నాడె ఇటునుంచి అటు పరిగెడుతుంది, పన్నె వచ్చి పేకను దగ్గరికి కొడుతుంది. పైన జకార్డు అట్టలు ఒక్కొక్కటే తిరుగుతాయి. ఇంతా చేస్తే పెరిగేది వెంట్రుక మందం బట్ట. పది నిమిషాలు అలా నిలబడి చూసినవాడు ధర దగ్గర బేరమాడే తీరే మారిపోతుంది. పడుగును ముట్టుకోవద్దు, అనుమతి లేకుండా ఫొటో తీయొద్దు.

మనం ఆహ్లాదంగా తిరిగే ఈ కాలమే వాళ్లకు గడ్డుకాలం. వానలు ముదిరితే మగ్గం గుంతల్లో నీళ్లూరుతాయి, తేమకు పట్టు సాగదు, పని ఆగిపోతుంది. మరోపక్క మరమగ్గాల చీరలు చేనేత పేరుతో అమ్ముడుపోతున్నాయి. కొన్ని రకాల బట్టలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో చట్టం వచ్చినా ఈ పోటీ తప్పలేదు. ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. కాబట్టి షాపులో నోరు విప్పి అడగండి: "ఇది చేమగ్గం మీద నేసిందేనా? సిల్క్ మార్క్ ఉందా? బిల్లు ఇస్తారా?" ఈ మూడు మాటలు అడగడానికి సిగ్గుపడేవాళ్లు చాలామంది. మర్యాదగా, సూటిగా అడగడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. మీరు అడిగిన ప్రతిసారీ నిజమైన నేతగాడికి మేలు జరుగుతుంది.

ఇక ఒక పూట పూర్తిగా ఖాళీగా వదలండి. ఏ పనీ పెట్టకండి. ఉగ్గాని బజ్జీ తింటూ కూర్చోండి, రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి దొరికే చోట ఆగండి. రైలు ఆలస్యమైతే, పిల్లవాడికి జ్వరమొస్తే, వాన ఆగకపోతే, ఆ పూటే మిమ్మల్ని ఆదుకుంటుంది. ఏదీ జరగకపోతే లేపాక్షి కప్పు కింద ఇంకో గంట కూర్చోవచ్చు.

గుడి వేళలు, రైలు సమయాలు, గది బుకింగ్ ముందు రోజు సాయంత్రం ఇంకోసారి చూసుకోండి. పనులు ఒక్కరి నెత్తిన వేయకండి, ముఖ్యంగా ఇంటి ఇల్లాలి నెత్తిన. టిఫిను, మందులు, బట్టలు, టికెట్లు అన్నీ ఆవిడే చూసుకునే విహారం ఆవిడకు విహారం కాదు. టికెట్లు ఒకరు, మందులు ఒకరు, ఖర్చుల లెక్క కాలేజీ చదివే అబ్బాయో అమ్మాయో చూసుకోవాలి. ఇంటి బాధ్యత పిల్లలకు అలవాటు చేయడానికి రెండు రోజుల ప్రయాణం చక్కటి అవకాశం.

ఈ రాత్రి భోజనాలయ్యాక అందరూ కలిసి కూర్చోండి. కాగితం మీద ఆ గీత గీయండి. కుడి పక్క మొదటి పేరు మీరే రాసి, పెన్ను మీ అవ్వ చేతికివ్వండి.