చెమ్మ పోనిదే బూజు పోదు

మదనపల్లె

చి.ల.సౌ. బుజ్జికి,

కుప్పంలో మీరు చేరిన ఇంట్లో పడకగది గోడంతా నల్లచుక్కల బూజు పట్టిందనీ, బీరువాలో పట్టుచీరలు ముక్కిపోయిన వాసన కొడుతున్నాయనీ మీ అమ్మ చెప్పింది. దీపావళికి రంగు వేయిద్దామని అల్లుడు అంటున్నాడట. వద్దు. తడిగోడ మీద రంగు వేస్తే డబ్బు దండగ. పొక్కులు లేచి, ఆ పొర కిందినుంచే బూజు మళ్లీ వస్తుంది.

ముందు చెమ్మ ఎక్కడిదో కనుక్కోండి. మరక నేల దగ్గర మొదలై పైకి పాకుతుంటే భూమిలోని తడిని గోడ పీల్చుకుంటోందని అర్థం. పైనుంచి దిగుతుంటే మిద్దె పగులో, వాననీళ్ల గొట్టమో చూపించాలి. బీరువా వెనక మూలలో మాత్రమే ఉంటే అక్కడ గాలి ఆడటం లేదు. అప్పుడు తప్పు వంటింటి ఆవిరిది, స్నానాల గదిది, ముసురు రోజుల్లో లోపల ఆరేసిన బట్టలది. తేలకపోతే జానెడు పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి, రెండు రోజులాగి చూడు. లోపలివైపు తడి చేరితే అది గోడలోది, బయటివైపు చేరితే గదిలోని గాలిది.

కడిగేటప్పుడు బుడ్డోణ్ణి వేరే గదిలో ఉంచు. కిటికీలు తెరిచి, ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు కట్టుకో. పొడి చీపురుతో దులపకు, బూజు పొడి ఇల్లంతా లేస్తుంది. సబ్బునీళ్లతో తడిపి, రుద్ది, తుడిచి, ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరబెట్టు. టైల్స్ మీదైతే పలచటి బ్లీచింగ్ నీళ్లు పనిచేస్తాయి. గోడ మీద మాత్రం మచ్చ తెల్లబడుతుందే గాని లోపలి బూజు చావదు. బాత్‌రూం కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌లో ఎప్పుడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇది మరీ మరీ చెబుతున్నాను.

పుంగనూరులో అవ్వవాళ్ల పాత ఇంటికి ఏటా సంక్రాంతి ముందు సున్నం కొట్టేవాళ్లు. తాజా సున్నం ఘాటైన క్షారం కాబట్టి బూజు దాని మీద సులభంగా పెరగదు. గోడలోని తడి బయటికి పోవడానికీ దారి ఉంటుంది. ఇప్పటి ప్లాస్టిక్ పెయింట్లు ఆ దారి మూసేస్తాయి. అందుకే గోడ బాగా ఎండాక, శివరాత్రి దాటాక, ఆ గదికి సున్నమే వేయించమంటాను.

ఇక గాలి సంగతి. మన ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది కదా. 1912లో క్షయ ఆసుపత్రిగా మొదలైంది అది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టేదాకా క్షయకు సరైన మందే లేదు. విశ్రాంతి, మంచి తిండి, ఆరుబయటి గాలి, ఇవే వైద్యం. ఈ ఎత్తుప్రదేశపు పొడిగాలి కోసమే రోగులు దూరాలనుంచి వచ్చేవాళ్లు. అలాంటి గాలే మీ తలుపు బయటా ఉంటే, దోమలొస్తాయని మీరు పగలంతా కిటికీలు బిగించుకోవడం నాకు బాధగా ఉంది. జాలీ కొట్టించండి. ఎండ కాసిన పూట ఎదురెదురు కిటికీలు తెరవండి. బీరువాను గోడకు బెత్తెడు దూరం జరపండి. చీరలు నీడలో గాలికి ఆరేసి మడతలు మార్చు. కర్పూరం, నాఫ్తలిన్ ఉండలు పురుగును ఆపుతాయి గాని చెమ్మను ఆపవు. తడిసిన పరుపు, చాప ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే వాటికీ బూజు పడుతుంది.

బూజు గోడలకే కాదు. నేను పంపిన చెనిక్కాయల్లో బూజు పట్టినవి కనిపిస్తే ఏరి పారెయ్. ఎండబెట్టినా, వేయించినా అందులోని అఫ్లాటాక్సిన్ విషం పూర్తిగా పోదు. అది కాలేయానికి చేటు.

మనవైపు ఇళ్లను పాడుచేసేది అక్టోబరు, నవంబరు ముసురే. వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి ఎండ కనబడదు. 2021 నవంబరు చూశాం కదా. అందుకే ఆ వానలు రాకముందే ఇంటి యజమానితో మాట్లాడి మిద్దె పగుళ్లు పూడ్పించండి. ఒప్పుకోకపోతే ఇల్లు మారండి, అద్దె వంద ఎక్కువైనా సరే. బుడ్డోడికి రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయంటే మాత్రం గోడ సంగతి తర్వాత, రేపే పిల్లల డాక్టరుకు చూపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ