ఫోన్‌లో మెరిసే బొమ్మ అచ్చులో ఎందుకు మసకబారుతుంది?

ప్రశ్న: మా నాన్నగారి కథల పుస్తకం అచ్చు వేయిస్తున్నాం. ముఖచిత్రం ఫోన్‌లో బాగుంది. ప్రూఫ్‌లో మాత్రం మసకగా వచ్చింది, నీలం వెలిసినట్టుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బొమ్మ మీకు వాట్సాప్‌లో వచ్చిందా? అయితే మసకకు కారణం అదే కావచ్చు. మామూలు ఫొటోగా పంపితే ఆ యాప్ దాన్ని కుదిస్తుంది. చిన్న తెర మీద ఆ లోపం తెలియదు. మంచి అచ్చుకు అంగుళానికి 300 పిక్సెల్స్ కావాలి. 5.5 × 8.5 అంగుళాల ముఖచిత్రానికైతే 1650 × 2550. ఫొటోషాప్‌లో సైజు పెంచినంత మాత్రాన పోయిన వివరం తిరిగి రాదు. చిత్రకారుణ్ని అసలు ఫైలే అడగండి. వాట్సాప్ తప్పదంటే ‘డాక్యుమెంట్’గా పంపమనండి.

రంగు సంగతి వేరు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులు చూపిస్తుంది. ప్రెస్సు నాలుగు సిరాలతో అచ్చు వేస్తుంది. మెరిసే నీలాలు ఆ సిరాలకు అందవు. అందుకే ఫైల్‌ను ముందే ఆ నాలుగు సిరాల పద్ధతి అయిన సీఎంవైకేలోకి మార్పించి, నీలాన్ని సరిచేయించాలి.

కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్ల బొమ్మ అదనంగా ఉంచండి. పుస్తకం పేరు అక్షరాలను కర్వ్‌లుగా, అంటే ఫాంట్‌తో పనిలేని గీతలుగా, మార్పిస్తే ప్రెస్సులో ఆ ఫాంట్ లేకపోయినా ఒత్తులు చెదరవు.

అసలు ఫైల్ దొరకకపోయినా, రెండో ప్రూఫ్‌లోనూ రంగు కుదరకపోయినా అచ్చు ఆపించి, అనుభవమున్న డిజైనర్‌తో ప్రెస్సుకు వెళ్లి మాట్లాడండి.